నాలుగో అంశం: గళ్ల నోటుపుస్తకం, ఒకటి

ఒక మనిషి గొంతును ఒక సంస్థ పదకొండేళ్లు వాడుకుంది. ఆ గొంతు అసలు శ్రుతి ఏమిటో రాసి ఉన్న ఒకే ఒక పుస్తకాన్ని సంతకం పెట్టి తీసుకుంది. తరువాత ఆ పుస్తకం కనబడడం లేదని ఒక ఉత్తరంలో, నియమాల ప్రకారం నాశనం చేసి ఉంటామని రెండో ఉత్తరంలో, అటువంటి పుస్తకమే ఏనాడూ లేదని మూడో ఉత్తరంలో రాసింది. మూడు ఉత్తరాల కిందా ఒకే ముద్ర. పుస్తకం తీసుకున్నప్పుడు ఇచ్చిన రశీదు కింద కూడా అదే ముద్ర. ఇది రాస్తున్నప్పుడు ఆ నాలుగు కాగితాలూ నా బల్ల మీద పక్కపక్కనే ఉన్నాయి.

పుస్తకం రాసినవారు మా చెల్లెలి భర్త. గొంతు మా చెల్లెలిది. బస్సుస్టాండులో ఆయన్ను అందరూ గళ్ల మాస్టరు అనేవారు. మాస్టరన్నంత మాత్రాన పాఠాలు చెప్పే మనిషి కారు. స్టాండులోని మైకులూ లౌడుస్పీకర్లూ చూసుకునే మెకానిక్కు. కంప్యూటరు తెర మీద నిలువుగా పాకే గళ్లలో అంకెలూ అక్షరాలూ నింపుతూ కూర్చునేవారు కాబట్టి ఆ పేరు వచ్చింది. ఆయన గది పై అంతస్తుకు వెళ్లే మెట్ల కింద ఉండేది. కప్పు ఏటవాలుగా దిగడం వల్ల కొత్తగా లోపలికి వచ్చిన ప్రతివారూ నుదురు కొట్టుకునేవారు. మొదటిసారి నేనూ కొట్టుకున్నాను. అప్పుడాయన నవ్వకుండా స్టూలు జరిపి, "ఇక మీరు మా సెక్షన్ మనిషే బావగారూ, కూర్చోండి" అన్నారు.

ఆ గదికి పది అడుగుల దూరంలో, అద్దం వెనక, మా చెల్లెలు విచారణ కౌంటరులో ఉండేది. బస్సులు బయలుదేరే వేళలు మైకులో చదవడం ఆమె పని. రోజుకు ఎనిమిది గంటలు, దాదాపు నాలుగు వందల ప్రకటనలు. ఇంజన్ల మోతకు పైన వినబడాలి కనుక మైకు ఉన్నా అరవక తప్పేది కాదు. సాయంత్రానికి ఇంటికి గుసగుస మాత్రమే మిగిలేది. నా మేనకోడలికి అప్పుడు నాలుగేళ్లు. అమ్మ ఎప్పుడూ రహస్యాలే చెబుతుందేమిటని తండ్రిని అడిగింది.

"మీ అమ్మ గొంతు ఆఫీసువాళ్లది తల్లీ. సాయంత్రం కాగానే బీరువాలో పెట్టి తాళం వేసేసుకుంటారు" అన్నారాయన.

హాస్యానికి అన్న ఆ మాట ఆయన్నే పట్టుకుంది. భార్య గొంతును ఎలాగైనా ఇంటికి తేవాలనుకున్నారు.

ఆ రోజుల్లో లెక్కల విభాగం వాళ్లు పారేయబోయిన ఒక పాత కంప్యూటరు ఆయన గదికి చేరింది. మధ్యాహ్నం భోజన విరామంలో దానిమీద చిన్న చిన్న బాణీలు కట్టుకునేవారు. అందుకు వాడిన సాఫ్ట్‌వేరు పేరు ట్రాకరు. అందులో సంగీతం అడ్డంగా నడవదు. వాన చూరు నుంచి జారినట్టు పైనుంచి కిందికి దిగుతుంది. ఒక్కో గడిలో ఒక స్వరం పేరు, ఏ వాయిద్యమో తెలిపే అంకె, దాని పక్కన ఒక ఆజ్ఞ ఉంటాయి. వాయిద్యమంటే ఏదైనా ఒక శబ్దపు ముక్క. తలుపు చప్పుడైనా సరే, చెంబు మీద కొట్టిన దెబ్బైనా సరే, ముక్కగా ఎక్కిస్తే ట్రాకరు దాన్ని ఏ స్వరంలోనైనా మోగిస్తుంది.

తలుపు చప్పుడు వాయిద్యమైనప్పుడు మా చెల్లెలు పలికిన "ప్లాట్‌ఫారం" అన్న మాట ఎందుకు కాకూడదు? ఈ ఆలోచన ఎంత తేలికో, అమలు అంత కష్టం. కారణం ఒక్కటే. ట్రాకరులో వేగమూ శ్రుతీ కవల పిల్లలు. ముక్కను వేగంగా నడిపిస్తే గొంతు సన్నబడుతుంది. నిదానంగా నడిపిస్తే బొంగురుపోతుంది. ఒకదాన్ని కదిపి రెండోదాన్ని ఉన్నచోట ఉంచడం అంత సులభంగా జరిగే పని కాదు. పైగా ఆ కంప్యూటరులో ఉన్న చోటు ఇవాళ మీ ఫోనులో ఒక్క ఫొటోకు కూడా చాలదు. అందుకని ఆయన ప్రతి మాటనూ కుదించి దాచారు. కుదించిన మాటను ఉన్నదున్నట్టు మోగిస్తే దోమ పాడినట్టుంటుంది. దాన్ని ట్రాకరులో కింది స్వరం మీద మోగిస్తే మళ్లీ మనిషి గొంతు అవుతుంది.

అన్ని మాటలనూ ఒకే కొలతకు కుదించి ఉంటే ఇవాళ నాకు ఈ రాత అవసరం ఉండేది కాదు. ఆయన అలా చేయలేదు. మరీ కుదిస్తే స, ష వంటి శబ్దాలు నలిగిపోతాయి. అవి ఉన్న మాటలను తక్కువ కుదించారు. "మూలమలుపు" వంటి గుండ్రని మాటలను బాగా కుదించారు. ఊరి పేరుకు ఒక కొలత, అంకెకు ఒక కొలత, "దయచేసి"కి ఒక కొలత. మొత్తం రెండు వందల పన్నెండు ముక్కలు.

ప్రతి ముక్కకూ అసలు శ్రుతి కుదర్చడం కోసం మా చెల్లెలిని ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు. ఆమె మాట పలికేది. ఆయన యంత్రాన్ని మోగించేవారు. సరిపోకపోతే అరస్వరం దించి, మళ్లీ పలకమనేవారు. అరస్వరంలో ఎనిమిదో వంతు వరకూ సవరించే వీలు ఆ ట్రాకరులో ఉంది. మైనస్ ఎనిమిది నుంచి ప్లస్ ఏడు దాకా. చివరికి కళ్లు మూసుకుని, పలికింది మనిషో యంత్రమో చెప్పలేని స్థితి వచ్చినప్పుడు పొడుగాటి నోటుపుస్తకంలో ఒక వరస రాసేవారు: ముక్క, ఎంత కుదించినదీ, ఏ స్వరం మీద మోగించవలసినదీ, సన్నని సవరణ ఎంతో. ఒకసారి మా చెల్లెలు నోరు మూసుకుని కూర్చుని మీట తనే నొక్కింది. "ప్రయాణికులు" అని వినబడింది. ఆయన కళ్లు తెరవకుండానే, "ఊఁ, ఇంకోసారి చెప్పు" అన్నారు.

"నన్నూ డబ్బానూ పోల్చుకోలేని మొగుడు దొరికాడన్నయ్యా నాకు" అని ఆమె ఎన్నిసార్లు నాతో చెప్పి నవ్విందో లెక్కలేదు.

ఆ నోటుపుస్తకం విలువ ఏమిటో నేను ఇంకెంత వివరించాలో తెలియదు. బతికున్న గొంతు పక్కన పెట్టి, ఒక్కొక్క మాటగా, రెండు వందల పన్నెండుసార్లు సరిచూసి రాసిన కొలతలవి.

ఏడు నెలల పని తరువాత స్టాండులో మా చెల్లెలి నోటితో పనిలేకుండా మా చెల్లెలి గొంతు వినబడసాగింది. ఆమె కౌంటరులో కూర్చుని ప్రయాణికుల ప్రశ్నలకు మామూలు గొంతుతో జవాబు చెప్పేది. సాయంత్రం ఆ గొంతును చెక్కుచెదరకుండా ఇంటికి తెచ్చుకునేది. కూతురిని కేకలేసేది, నాతో వాదించేది, గిన్నెలు తోముతూ పాడేది. పొద్దున్నే బడికి వెళ్లే పిల్లకు గుమ్మంలో నిలబడి "జాగ్రత్తగా వెళ్లు" అని చెప్పేది. రోజూ అదే మాట, అదే రాగం. "వీధి చివరి దాకా వినబడుతోందమ్మా, నా పరువు తీయకు" అని ఆ పిల్ల విసుక్కునేది.

ఆయన ఎలాంటి పనివాడో తెలియడానికి ఒక్క సంగతి చెబుతాను. ఒక ముసలి ప్రయాణికుడు ప్లాట్‌ఫారం అంకెలు తనకు అందడం లేదని, పద్నాలుగో పందొమ్మిదో తెలియక బస్సు తప్పిపోయిందని కౌంటరు దగ్గర గొడవపడ్డాడు. అంకెలను నిదానం చేయాలి; చేస్తే గొంతు బొంగురుపోతుంది. ట్రాకరులో ఒక ముక్కను మధ్యలో ఎక్కడి నుంచైనా మొదలుపెట్టే ఆజ్ఞ ఉంది. ఆయన ఒక్కో అంకెను పదహారు చోట్ల గుర్తుపెట్టారు. ఒక్కో గడిలో ఒక్కో చోటు నుంచి మొదలుపెట్టి, కొంచెం నడవగానే మళ్లీ కాస్త వెనక్కి లాగి నడిపించారు. మాట సాగింది, గొంతు మారలేదు. నాలుగు రోజులు పట్టింది. ఆ ముసలాయన మళ్లీ వచ్చాడో లేదో కూడా ఎవరికీ తెలియదు. "రాకపోతే ఏం బావగారూ, విన్నవాళ్లలో ఆయనలాంటివాళ్లు ఇంకా ఉంటారుగా" అన్నారు మాస్టరు.

పదకొండో ఏట ఆధునికీకరణ అన్నారు. ప్రకటనల పని ఒక ప్రైవేటు కంపెనీకి అప్పగించారు. పాత సామగ్రి అంతా తెచ్చి ఇవ్వమని పరిపాలనాధికారి ఉత్తర్వు వేశారు. నేను ముప్పై నాలుగేళ్లు కోర్టు రికార్డు గదిలో పనిచేసినవాణ్ని. రశీదు లేకుండా గుండుసూది కూడా ఇవ్వవద్దని మాస్టరుకు చెప్పాను. స్టోర్సు గుమాస్తా ఆరు అంశాలతో రశీదు రాశాడు. మొదటిది కంప్యూటరు, రెండోది కీబోర్డు, మూడోది ఫ్లాపీల పెట్టె. "4. గళ్ల నోటుపుస్తకం (పొడుగుది), చేతిరాత – ఒకటి." అయిదోది మైకు, ఆరోది తీగ. కింద గుమాస్తా సంతకం, అధికారి పొట్టి సంతకం, ముద్ర, తేదీ.

పుస్తకాన్ని ఒక్కరోజు ఉంచుకుని నకలు రాసుకుంటానని మాస్టరు అడిగారు. ఆఫీసు సమయంలో, ఆఫీసు కాగితం మీద రాసింది గనుక ఆఫీసుదేనని, ఎప్పుడు కావాలన్నా వచ్చి చూసుకోవచ్చని అధికారి చెప్పారు. ఆ హామీ నోటిమాటగానే ఉండిపోయింది.

ఆ సాయంత్రం మాస్టరు ఇంట్లో పది ఫ్లాపీలు చూపించారు. ముక్కలన్నిటికీ ముందే నకళ్లు తీసి పెట్టుకున్నారు. ఏ ముక్కను ఏ స్వరం మీద మోగించాలో చెప్పే గళ్ల ఫైళ్లకు తీయలేదు. పుస్తకానికీ తీయలేదు. అదేమిటని అడిగాను.

"అంకెలే కదా బావగారూ. అంకెలు మళ్లీ రాసుకోవచ్చు. గొంతయితే మళ్లీ దొరకదు. అందుకే గొంతు దాచాను." ఆ మాట అంటూ వంటింటి వైపు చూశారు. లోపల మా చెల్లెలు ఏదో పాడుతోంది. నిజమే, ఆమెను మళ్లీ ఎదురుగా కూర్చోబెట్టుకుంటే అంకెలన్నీ నెల రోజుల్లో తిరిగి వస్తాయి. ఆ పని చేసేవారికి మాత్రమే తట్టే తర్కం అది. అంత సవ్యంగా ఉంది కనుకనే నాకూ తప్పు తోచలేదు. ఇంట్లో పాలవాడి చీటీ కూడా పారేయని నేను, ఆ ఒక్క పుస్తకానికి నకలు కోసం పట్టుబట్టలేదు. ఈ నేరంలో నా వాటా అది. దాన్ని నేను ఎక్కడా దాచలేదు.

కొత్త వ్యవస్థ మొదలైన రోజున నేను స్టాండులోనే ఉన్నాను. కంపెనీవారు ముక్కలను మాత్రం తీసుకుని, పుస్తకం తెరవకుండా, అన్నిటినీ ఒకే వేగంతో మోగించారు. "ప్రయాణికులు" కీచుమంది. "దయచేసి" కాస్త మనిషిలా పలికింది. ఊరి పేరు దోమలా తుర్రుమంది. ఒక్క వాక్యాన్ని అయిదుగురు వేర్వేరు ఆడవాళ్లు, అందులో ఇద్దరు పసిపిల్లలు, పంచుకుని చదివినట్టుంది. స్టాండంతా నవ్వు. మా చెల్లెలు అద్దం వెనక కూర్చుని ఉంది. ఒక కండక్టరు కౌంటరు మీద మోచేతులాన్చి, "ఏంటక్కా, నిన్నటిదాకా బాగానే ఉన్నారుగా, ఇవాళేంటి పాలు తాగే పిల్లైపోయారు?" అన్నాడు.

"మీ బస్సు కూడా ఇంత తొందరగా కదిలితే బాగుండు నాయనా" అంది ఆమె. చుట్టూ ఉన్నవాళ్లు ఇంకా నవ్వారు. ఆమె నవ్వలేదు.

మాస్టరు కంపెనీ ఇంజనీరు దగ్గరకు వెళ్లి, పుస్తకంలో ప్రతి ముక్కకూ అంకెలున్నాయి, మొదటి పేజీ ఒక్కటి చూడండని బతిమాలారు. ఇంజనీరు మర్యాదస్తుడే. తమ వ్యవస్థలో అటువంటి అంకెలు వేయడానికి గడి లేదన్నాడు. మూడు వారాల తరువాత ఎక్కడో తయారైన మరో గొంతు వచ్చింది. మాస్టరు ఆఫీసుకు వెళ్లి పుస్తకం అడిగితే ఫైల్లో ఉందన్నారు. రెండోసారి అడిగినా ఫైల్లో ఉందన్నారు.

మరో రెండేళ్లకు మా చెల్లెలి గొంతు బొంగురుపోయింది. జలుబన్నారు, ఎలర్జీ అన్నారు. ఏడు నెలలు మందులు మింగాక, స్వరపేటికలో పుండు ముదిరిందని, మొత్తం తీసేయాలని, తొమ్మిది రోజుల్లో ఆపరేషన్ అని చెప్పారు. నా మేనకోడలు ఫోను తీసి, "ఏదైనా మాట్లాడమ్మా, రికార్డు చేస్తాను" అంది.

"ఇది నాది కాదే. ఈ బొంగురు గొంతు దాచుకుని ఏం చేసుకుంటావు? నాన్న దగ్గర రెండొందల పన్నెండు మాటలున్నాయిగా. ఆ గొంతే నాది" అంది మా చెల్లెలు.

ఆపరేషన్ జరిగింది. మెడ కింద ఊపిరికి ఒక రంధ్రం, చేతికి ఒక పలక మిగిలాయి.

మాస్టరు కుంగిపోలేదు. అప్పటికింకా కుంగిపోవలసిన అవసరం ఉందని ఆయనకు తెలియదు. పాత కీబోర్డుల నుంచి నలభై మీటలు తీసి, అన్నం పళ్లెమంత చెక్కకు బిగించారు. ఒక్కో మీట నొక్కితే ట్రాకరు ఒక్కో మాట పలకాలి. ఉన్న మాటలన్నీ బస్సుస్టాండువే. అయినా వాటిని కోసి అతికితే ఇంటి మాటలు తయారు చేయవచ్చన్నారు. మొదట ఏ మాట కావాలని అడిగితే మా చెల్లెలు పలక మీద వెంటనే రాసింది: "జాగ్రత్తగా వెళ్లు."

"మీ సామాన్లు జాగ్రత్త" నుంచి "జాగ్రత్త" తీశారు. "సిద్ధంగా" నుంచి "గా" కోశారు. "వెళ్లు బస్సు" నుంచి "వెళ్లు" విడదీశారు. మూడు ముక్కలు, మూడూ మూడు రకాలుగా కుదించినవి. ఒక్కో మాటగా మోగితే చిన్న తేడా చెవి క్షమిస్తుంది. మూడు కలిసి ఒక మాట కావాలంటే క్షమించదు. ఒక్క అరస్వరం తేడా ఉన్నా "జాగ్రత్త" ఒకావిడ, "గా" ఇంకొకావిడ అంటున్నట్టుంటుంది. వరసగా రోజూ పొద్దున్నే ముందుగదిలో కూర్చుని వినేవాళ్లం.

"ఇంకొంచెం కిందికి నాన్నా. ఆఁ, అదే. కాదు కాదు, ఇందాకటిదే" అనేది నా మేనకోడలు. నాకు అంతకన్నా పైన అనిపించేది. మాస్టరుకు ఇంకో రకంగా. ఆయన మా ముగ్గురి జవాబులూ వేర్వేరు వరసల్లో రాశారు. ఒకే మాటకు మా మధ్య మూడు అరస్వరాల దూరం వచ్చింది. ఇక మిగిలింది గొంతు యజమానురాలు. ఆమె శ్రద్ధగా విని, పలక మీద రాసి మాకు చూపించింది: "ఎవరీవిడ?"

ఎవరి గొంతు వారికి ఎముకల్లోంచి వినబడుతుంది. పదకొండేళ్లు అద్దం వెనక నుంచి, ఇంజన్ల మోతలో విన్నది కూడా ఆమెకు డబ్బా గొంతే; బయటివాళ్లు దగ్గరగా వినేది ఆమె ఏనాడూ విని ఎరగదు. మాస్టరు శ్రుతి మార్చిన ప్రతిసారీ ఆమె తల అడ్డంగా ఊపింది. ఇది తెలిసిన సంగతే. కానీ తన సొంత గొంతుకు సాక్ష్యం చెప్పలేని మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా దాన్ని తెలుసుకోవడం వేరు.

పాత ఇంటి క్యాసెట్టు ఒకటి దొరికింది. అందులో మా చెల్లెలు పసిపిల్లకు లెక్క నేర్పుతోంది. బ్యాటరీలు నీరసించిన టేపురికార్డరులో చేసిన రికార్డింగది; ఎంత వేగంతో నడిచిందో దానికే తెలియదు. అదీ పనికిరాలేదు.

అప్పుడు మాస్టరుకు కరెంటు రొద గుర్తొచ్చింది. మైకు పక్కన కరెంటు తీగ ఉంటే, వినీ వినబడనట్టు ఒక జుమ్మనే రొద రికార్డింగులో చేరుతుంది. దాని శ్రుతి ఎప్పుడూ ఒక్కటే. ఏ ముక్కలోనైనా ఆ రొద ఉంటే, అది సరైన చోటుకు వచ్చేదాకా వేగం మారిస్తే చాలు. గొంతు తనంతట తానే అసలు శ్రుతికి వచ్చి నిలబడుతుంది. నాకు ఆయన ఉత్సాహంగా వివరించారు. వివరిస్తూ వివరిస్తూ మధ్యలో ఆగిపోయారు.

"ఏమైంది?" అన్నాను.

"అది నేనే తుడిచేశాను బావగారూ. ఒక్కో ముక్కలో ఆ రొదంతా ఏరి తీసేశాను. శుభ్రంగా ఉండాలని." ఆయన చేతులు ఒడిలో వెల్లకిలా పడి ఉన్నాయి. వాటిని ఆయన ఎవరివో అన్నట్టు చూసుకున్నారు.

అయినా రెండు వందల పన్నెండూ ఒక్కొక్కటిగా వెతికారు. రెండు వందల పదకొండులో ఏమీ లేదు. చివరి ముక్కలో రొద ఉంది. అది వరదలు వచ్చి బస్సులన్నీ నిలిచిపోయిన రోజున, శుభ్రం చేసే తీరిక లేక, హడావుడిగా చేర్చిన మాట. రొదను దాని చోటుకు తెచ్చారు. మీట నొక్కారు.

"రద్దయినది."

నా మేనకోడలు కాలేజీకి బయలుదేరుతోంది. సంచీ ఒక భుజానికే ఉంది. ఆ మాట వినగానే రెండో పట్టీ చేతిలో ఉండగానే ఆగిపోయింది. "అమ్మ" అంది మెల్లగా. ఎవరినీ పిలవలేదు, ఏమిటో గుర్తుపట్టి పేరు చెప్పినట్టు అంది. మాస్టరు మళ్లీ నొక్కారు. మళ్లీ అదే మాట. మా చెల్లెలు మెడ మీద చెయ్యి వేసుకుని కూతురి ముఖం వంక చూసింది. తనకు తెలియని తన గొంతు కూతురి ముఖంలో కనబడింది. పలక తీసుకుని రాసింది: "ఈ ఒక్క మాట నేనేం చేసుకోను?"

దాన్ని ఆధారం చేసుకుని మిగతావి సరిచేయవచ్చుగదా అని మీరు అడుగుతారు, నేనూ అడిగాను. ఆయన ప్రయత్నించారు. వరద రోజున ఆమె ప్లాట్‌ఫారాల మీది నుంచి పరుగెత్తుకొచ్చి, ఆయాసంతో, జనం అరుపుల మీదుగా పలికిన మాట అది. ఆ రొప్పూ ఆ తొందరా గుమ్మంలో చెప్పే "జాగ్రత్తగా వెళ్లు"లో ఉండవు. దాన్ని బట్టి మిగతావి పోలిస్తే అన్నీ ఒకే ఇంటి ఆడపడుచుల్లా ఉన్నాయి; ఆమె మాత్రం వాటిలో లేదు.

అసలు దెబ్బ ఆ తరువాత తెలిసింది. ఆయన సరిచేసిన "సిద్ధంగా" విని నా మేనకోడలు, మొదటి అక్షరం ఈలలా కోసుకుపోతోంది, నీకు వినబడట్లేదా నాన్నా అని అడిగింది. ఆయనకు వినబడలేదు. చెవుల డాక్టరు ఇచ్చిన రిపోర్టు నా దగ్గర ఉంది: లౌడుస్పీకర్ల కింద గడిపిన ముప్పై ఏళ్లు రెండు చెవుల్లోనూ పైస్థాయి శబ్దాలను తినేశాయి, తగ్గినది తిరిగి రాదు, ఏటేటా ఇంకా తగ్గుతుంది. ఆ నోటుపుస్తకం రాసిన చెవులు ఇప్పుడు లేవు. సరిచూసుకోవడానికి ఆ గొంతూ లేదు. అంకెలు మళ్లీ రాసుకోవచ్చునన్న మనిషికి ఆ అంకెలు తప్ప ఈ లోకంలో వేరే దారి లేకుండా పోయింది. పుస్తకం కోసం నేను పెట్టిన అర్జీలకు వచ్చిన జవాబులే ఆ మూడు ఉత్తరాలు.

కిందటి సంవత్సరం ఆయన చెక్కకు తీగ చుట్టి బీరువా మీద పెట్టేశారు. ఆ రోజు కూడా మీటల మీది దుమ్ము తుడిచే పెట్టారు. ఇప్పుడు నా మేనకోడలు బయటకు వెళ్లేటప్పుడు మా చెల్లెలు గుమ్మంలో నిలబడి రెండుసార్లు చప్పట్లు కొడుతుంది. ఆ పిల్ల వీధి చివరిదాకా వెనక్కి తిరిగి చూసుకుంటూ వెళ్తుంది. మాస్టరు లోపలి గదిలో కుర్చీలో కూర్చుని ఉంటారు. ఆ చప్పట్లు ఆయనకు వినబడతాయి. ఆ మాత్రం మిగిలి ఉంది. నేను వెళ్లినప్పుడు పుస్తకం సంగతి అడగరు. ఒక్కసారి మాత్రం, "బావగారూ, దానికి నకలు తీయమని గట్టిగా చెప్పి ఉండాల్సింది మీరు" అన్నారు. అని, వెంటనే నా చెయ్యి పట్టుకున్నారు. ఆ రెండు పనుల్లో ఏది నన్ను ఎక్కువ బాధించిందో చెప్పలేను.

ఈ మధ్య రిటైరైన స్టోర్సు గుమాస్తా, రశీదు రాసిన మనిషే, మా ఇంటికి వచ్చాడు. తన పేరు బయటపెట్టినా అభ్యంతరం లేదన్నాడు. కంపెనీవారు వెనక్కి పంపిన అట్టపెట్టెలో ఆ పుస్తకాన్ని తన చేతులతోనే పెట్టానని, ఆ పెట్టెను విచారణ కౌంటరు వెనక గదిలోని బీరువాల్లో ఒకదానిలో ఉంచానని చెప్పాడు. అక్కడ మూడు బీరువాలున్నాయి. మూడింటికీ తాళాలున్నాయి. తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయో చెప్పవలసిన అధికారి, ఆ గది తనిఖీకి అనుమతి లేదని నాకు నోటితోనే చెప్పారు. రాసి ఇమ్మంటే ఇవ్వలేదు.

అందుకని ఆనాడు రశీదు మీద పొట్టి సంతకం పెట్టిన పరిపాలనాధికారికి, ఈనాడు ఆ కుర్చీలో ఉన్నవారికి, ముక్కలు తీసుకుని పుస్తకాన్ని తెరవకుండా తిప్పి పంపిన కంపెనీవారికి చెబుతున్నాను. మీ మొదటి ఉత్తరం కనబడడం లేదంది కనుక ఆ పుస్తకం ఉంది. రెండోది నాశనమైందంది కనుక ఉండేది. మూడోది అబద్ధమని మొదటి రెండే చెబుతున్నాయి. నాలుగో ఉత్తరం రాయకండి. నాకు క్షమాపణ అక్కరలేదు, సానుభూతి అక్కరలేదు. ఒక పనిదినాన, వెలుగున్న వేళ, మా మాస్టరు ఎదుట, మా చెల్లెలి ఎదుట, ఆ మూడు బీరువాలూ తెరవండి. పుస్తకం ఉంటే దాన్ని ఆమె చేతిలో పెట్టండి. లేకపోతే దాన్ని ఎవరు, ఏ తేదీన, ఎవరి ఉత్తర్వు మీద పారేశారో అదే ముద్ర కింద రాసి ఇవ్వండి. ఇరవై ఒక్క ఏళ్ల ఒక అమ్మాయి రోజూ పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు ఒక మాట వినకుండా ఇంట్లోంచి వెళ్తోంది. ఆ మాట మీ బీరువాలో ఉంది. తాళం తీయండి.